మోరి గొంతు, మీడియం వేవ్ గాలి

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రంగా ఏర్పడేదాకా కోరాపుట్, రాయగడ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. జమీందారీ జయపురం వారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలిచ్చిన విక్రమదేవ వర్మ ఆ సంస్థానం ఏలికే. సరిహద్దు పడ్డాక కాగితాలన్నీ కటక్ దారి పట్టాయి గానీ, విజయనగరం–రాయ్‌పూర్ రైలు మార్గంలో ఉన్న రాయగడ బజారులో తెలుగు మాట తగ్గలేదు. పాటకైతే ఆ గీత లెక్కలోకే రాలేదు. 1963లో విశాఖపట్నం, 1964లో జయపురం ఆకాశవాణి కేంద్రాలు మొదలయ్యాయి. ట్రాన్సిస్టర్ ముల్లు కాస్త ఇటు తిప్పితే తెలుగు, అటు తిప్పితే ఒడియా, కోరాపుట్ ప్రాంతపు మాట దేసియా. జయపురం కేంద్రానికి 5040 కిలోహెర్ట్జ్‌లో షార్ట్‌వేవ్ కూడా ఉండేది. దూరదేశాల స్టేషన్లను వెతికి పట్టుకోవడమే సరదాగా పెట్టుకున్న యూరప్, జపాన్ శ్రోతలు దాన్ని రాత్రిపూట వినేవారు. కొండకింద ఊళ్లో పాడిన పాట ఏ దేశందాకా వెళ్లిందో పాడినవాళ్లకు తెలిసే వీలు మాత్రం లేదు.

అప్పట్లో పాటకు స్టూడియో, మిక్సింగు, పంపిణీ అన్నీ రేడియోనే. రికార్డింగు మోనో టేపు మీద జరిగేది. ఇప్పటిలా ఒక్కో వాద్యాన్ని విడి ట్రాకులో పట్టి తర్వాత తీరిగ్గా సరిచేసుకునే వెసులుబాటు లేదు. థింసా నృత్యానికి వాయించే మోరి సన్నాయి జాతి వాద్యం. దాని గొంతు గది మొత్తాన్ని ఆక్రమిస్తుంది. పక్కన తుడుము, కిరిడి, డప్పు మోగుతుంటే పాడేవాళ్ల మాట వినిపించాలంటే ఒక్కటే మార్గం: గాయకులు మైకు దగ్గర, మోరి దూరంగా, డప్పు ఇంకా వెనక. ఎవరు ఎన్ని అడుగుల దూరంలో నిలబడ్డారన్నదే మిక్స్. టేపు ఖరీదైనది కావడంతో ఒకసారి ప్రసారమైనదాన్ని చెరిపి మళ్లీ వాడటం ఆకాశవాణిలో మామూలే. అలా పోయిన పాటల లెక్క ఎవరి దగ్గరా లేదు.

ఆ గది తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. 1952లో సమాచార ప్రసారాల మంత్రి అయిన బి.వి. కేస్కర్ హయాంలో ఆడిషన్, గ్రేడుల పద్ధతి గట్టిపడింది. బి, బి హై, ఏ, టాప్ అన్న మెట్లు, ఆ మెట్టును బట్టి పారితోషికం. ఆకాశవాణి పట్టుదలలు అంతకుముందూ తక్కువేమీ కాదు. హార్మోనియంనే 1940 నుంచి 1971 దాకా బయట నిలబెట్టింది. అయినా గ్రేడు దొరికిన పల్లె కళాకారుడికి ఆ పారితోషికం, రేడియోలో చదివే తన పేరు చిన్న విషయాలు కావు.

రేడియో ఏం ఇవ్వగలదో, ఏం ఇవ్వలేదో ఒడిశాలోనే ‘రంగబతి’ చెబుతుంది. మిత్రభాను గౌంతియా రాసి, ప్రభుదత్త ప్రధాన్ బాణీ కట్టగా, జితేంద్ర హరిపాల్, కృష్ణ పటేల్ పాడిన ఈ సంబల్‌పురి పాట 1970ల నడుమ సంబల్‌పూర్ ఆకాశవాణిలో పుట్టింది. తర్వాత ఇన్‌రెకో గ్రామ్‌ఫోన్ రికార్డుగా రాష్ట్రం దాటింది. హరిపాల్‌కు పద్మశ్రీ 2017లో వచ్చింది, కృష్ణ పటేల్‌కు 2023లో. 2015లో కోక్ స్టూడియో ఆ పాటను కొత్తగా చేసినప్పుడు హక్కుల గొడవ లీగల్ నోటీసు దాకా వెళ్లింది. పాటను ఊరూరా చేర్చింది రేడియో. హక్కులు ఎవరివో తేల్చే పని మాత్రం అది తన మీద వేసుకోలేదు.

రాయగడ నుంచి రైలు దిగువకు దిగితే పార్వతీపురం. ఆ పక్కనే పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు పాట గ్రేడుల కోసం ఆగలేదు. జననాట్యమండలి సభల్లోంచి జనం నోట్లోకి, అక్కణ్ణుంచి క్యాసెట్లలోకి, సినిమాల్లోకి నడిచింది. రేడియో లేకుండానూ పాట బతుకుతుందనడానికి ఈ చుట్టుపక్కల అంతకంటే పెద్ద సాక్ష్యం దొరకదు.

ఇప్పుడు ఇంట్లో కండెన్సర్ మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎల్ స్టూడియో ఉంటే పాట తయారు. చిక్కల్లా దాన్ని రేడియోలో వినేటప్పుడే. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. అందువల్ల శ్రోతకు చేరే శబ్దం దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. పైన తళుకులు పోతాయి, చిన్న స్పీకరులో అడుగు బేస్ పోతుంది, స్టీరియో మోనో అవుతుంది. ఎడమ కుడి ట్రాకుల్లో ఒకదాని ఫేజ్‌ను తలకిందులు చేసి వెడల్పు తెచ్చుకున్న మిక్స్‌లో ఒక్కోసారి గొంతే మాయమవుతుంది. హెడ్‌ఫోన్లలో గుండె అదరగొట్టిన కిక్ డ్రమ్ అక్కడ వినిపించదు, మోరి మాత్రం నిక్షేపంగా వినిపిస్తుంది. ఈ విషయంలో పాత వాద్యానిదే పైచేయి, ఒప్పుకోక తప్పదు. పైగా స్టేషన్ ప్రాసెసర్ తనవంతుగా శబ్దాన్ని మళ్లీ నొక్కుతుంది కాబట్టి, ఇంట్లోనే లిమిటర్‌తో చదును చేసి పంపిన పాట ఇంకా నలుగుతుంది. 1960లలో డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ మిక్సులను కారు రేడియో స్పీకరులాంటి దానిలో విని చూసేది ఇందుకే.

మరి సొంతంగా పాడుకునేవాళ్లకు రేడియో ఇంకా అవసరమా? పేరు కోసమైతే పెద్దగా కాదు. యూట్యూబ్ ఆ పని ఎక్కువ చేస్తోంది. కానీ యూట్యూబ్ పాటను ఇష్టపడేవాళ్ల దగ్గరికే ఎక్కువగా తీసుకెళ్తుంది. పొలంలో పనిచేస్తూ ఏది వస్తే అది వినే పెద్దావిడ దగ్గరికి దేసియా పాటను చేర్చేది జయపురం కేంద్రమో, సోవా సంస్థ కోరాపుట్‌లో నడిపే 90.4 ఎఫ్‌ఎం రేడియో థింసానో. ఈ రెండోరకం, అంటే కమ్యూనిటీ రేడియో స్టేషన్లకు 2006 నిబంధనలే దారి తీశాయి. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారవాలని అవి చెప్పాయి. తెలుగునాట 2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు మొదలుపెట్టిన సంఘం రేడియో ఈ దారిలో ముందు నడిచింది.

అయితే ఎఫ్‌ఎం తరంగం తిన్నగా పోతుంది. 1,672 మీటర్ల దేవమాలి లాంటి కొండ అడ్డొస్తే అవతలి లోయకు అందదు. 2023 ఏప్రిల్ 28న దేశంలో ఒకేసారి ప్రారంభించిన 91 ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్లు వంద వాట్లవే. నేలను అంటుకుని పాకే మీడియం వేవ్ అంత సులువుగా ఓడిపోదు, కానీ ప్రసార భారతి పాత మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపేస్తోంది. ఈలోపు జయపురానికో, రేడియో థింసాకో ఫైలు పంపేవాళ్లు లిమిటర్ తీసేసిన మోనో మిక్స్ ఒకటి విడిగా చేసుకుంటే మంచిది.