నానమ్మ పెట్టెలోని చార్మినార్ రూపాయి

జనగామ, మానుకోట, భూపాలపల్లి నుంచి నాకు మీరు పంపే ఫొటోల్లో ఎక్కువగా ఉండేది చార్మినార్ రూపాయే. నిజాం రాజ్యపు సొంత డబ్బు, హాలీ సిక్కా. పోలీస్ యాక్షన్ అయ్యాక కూడా 1959 దాకా చెల్లింది.

నేను మొదట చూసేది చార్మినార్ గుమ్మం. అందులో ఒక ఉర్దూ అక్షరం ఉంటది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది. మన మానుకోటకు మహబూబాబాద్ అని ఆయన పేరే పెట్టారంటారు. 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది.

ఇక ధర. అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డులకు 10కి గ్రేడు వేసి డబ్బాలో సీల్ చేస్తారు. నాణేలకైతే 70కి. 2022లో హోనస్ వాగ్నర్ కార్డు 72.5 లక్షల డాలర్లు పలికింది, గ్రేడు 2 మాత్రమే! అలాంటివి చాలా తక్కువ కాబట్టి. మన రూపాయి అంత అరుదు కాదు, చాలా ఇళ్లల్లో ఉంది. అందుకే గీత పడకుండా ఉన్నదానికే గిరాకీ. దయచేసి చింతపండుతో తోమకండి! తోమినదానికి గ్రేడింగ్ కంపెనీలు అంకె వేయవు, 'క్లీన్డ్' అని రాసిస్తాయి. ఇక చేతికొచ్చేది దాదాపు వెండి ధరే.

'లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి' అని ఫోనొస్తే కట్ చేసేయండి. తన పేరు వాడి ఇట్లా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ఆ రూపాయి మీది హిజ్రీ సంవత్సరం ఎట్లా చదవాలో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తా.