పదకొండున్నర ఆట: మరాఠా మందిర్‌లో ఆడవాళ్ళు

మరాఠా మందిర్ గురించి ఎవరు రాసినా అంకెలతోనే మొదలుపెడతారు. బొంబాయి సెంట్రల్ స్టేషన్ దగ్గరున్న ఈ వెయ్యి సీట్ల సినిమా హాలు 1958 అక్టోబరు 16న తెరుచుకుంది. 1960లో 'మొఘల్-ఎ-ఆజమ్' ఇక్కడ మొదలై ఏళ్ళ తరబడి ఆడింది. 1995 అక్టోబరులో వచ్చిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' 2014 డిసెంబరుకి వెయ్యి వారాలు, 2025 అక్టోబరుకి ముప్ఫై ఏళ్ళు పూర్తిచేసుకుంది. వారాలు, వసూళ్ళు, హీరోలు, దర్శకులు. హాలు చరిత్రంటే ఇదేనన్నట్టుగా ఉంటాయి ఆ రాతలు.

ఈ లెక్కల్లో ఆడవాళ్ళెక్కడ? తెర మీద తప్పకుండా ఉన్నారు. తెర ముందు? ఎవరొచ్చారు, ఎవరి అనుమతితో వచ్చారు, ఇంట్లో ఏ పని ముగించుకుని వచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు? టికెట్ పుస్తకాలు ఇవి చెప్పవు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల గొంతులు వినిపిస్తూ 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వచ్చింది. కాగితం మీద లేనిది జ్ఞాపకంలో ఉంటుందని, దాన్ని అడిగి రాబట్టుకోవాలని ఆ పుస్తకం మనకి నేర్పింది. పోరాటం గురించి అడిగినట్టే వినోదం గురించి కూడా అడగాలి. నాకు అడగడానికి మా పెద్దమ్మ ఉండేది.

పెద్దమ్మ పెళ్ళయి కామాఠీపురాకి కాపురానికెళ్ళింది. ఇప్పుడు ఆ పేరు వినగానే వేశ్యావాటిక తప్ప మరేదీ గుర్తు రాదు. కానీ ఆ పేరు మనది. నిజాం రాజ్యం నుంచి వలసపోయి, బొంబాయి కట్టడాల్లో రాళ్ళు మోసిన తెలుగు కామాటీల పేరు మీద ఏర్పడిన పేట అది. తర్వాత ఇంగ్లీషు పాలకుల పోలీసు వ్యవస్థ వ్యభిచార గృహాలని ఆ చుట్టుపక్కల గల్లీలకి నెట్టింది. తెల్లజాతి స్త్రీలున్న వీధికి 'సఫేద్ గల్లీ' అనే పేరు కూడా పడింది. కామాటీలు మాత్రం ఎటూ పోలేదు. మేస్త్రీలు, కూలీలు, బీడీలు చుట్టే ఆడవాళ్ళు, వాళ్ళ పక్క గదుల్లోనే ఆ వృత్తిలోకి దించబడిన ఆడవాళ్ళు. మా పెద్దనాన్న మేస్త్రీ. ఎక్కడుంటారని ఎవరైనా అడిగితే పెద్దమ్మ 'బొంబాయి సెంట్రల్' అనేది. "గల్లీ పేరు చెప్తే చూసే చూపు మారిపోతది బిడ్డా" అనేది.

ఆ గల్లీ నుంచి మరాఠా మందిర్‌కి నడిచి వెళ్ళొచ్చు.

ఈ హాలు మొదటి సినిమా బి.ఆర్. చోప్రా తీసిన 'సాధనా'. వైజయంతిమాల అందులో చంపాబాయి అనే వేశ్య. జబ్బుపడ్డ తల్లికి కోడల్ని చూపించడం కోసం ఒక అధ్యాపకుడి ఇంటికి ఆమెను పెళ్ళికూతురిగా తీసుకొస్తారు. డబ్బు కోసం వచ్చిన మనిషి ఆ ఇంటినీ ఆ అత్తనీ ప్రేమిస్తుంది. ఆమె ఎవరో తెలిశాక ఏం చెయ్యాలన్నది కథ. స్త్రీని సరుకుగా మార్చిన మగలోకాన్ని నిలదీస్తూ సాహిర్ లుధియాన్వీ రాసిన పాటని అందులో లతా మంగేష్కర్ పాడారు. వైజయంతిమాలకి ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి బహుమతి వచ్చింది. కామాఠీపురాకి కూతవేటు దూరంలో ఒక పెద్ద హాలు ఇలాంటి సినిమాతో తెరుచుకుందన్న సంగతిని రికార్డుల చరిత్ర ఒక వాక్యంలో దాటేస్తుంది. నాకు మాత్రం అక్కడే ఆగాలనిపిస్తుంది. చంపాబాయికి ఇల్లు దొరకాలంటే ముందు ఆమె ఎంత మంచిదో రుజువు కావాలి. కథ ఆమెమీద జాలిపడుతుంది. తీర్పు చెప్పే హక్కుని మాత్రం ఆ ఇంటి దగ్గరే ఉంచుతుంది.

సినిమా హాలుకీ స్త్రీల మర్యాదకీ లంకె బొంబాయిలో సినిమా అంత పాతది. 1896 జూలై 7న వాట్సన్ హోటల్లో ల్యూమియేర్ సోదరుల బొమ్మలు మొదటిసారి ఆడాయి. నెల తిరక్కుండానే నావెల్టీ థియేటర్‌లో పరదా స్త్రీలకీ వాళ్ళ కుటుంబాలకీ ప్రత్యేకంగా బాక్సులు కేటాయించారు. అంటే మనల్ని ప్రేక్షకులుగా మొదట్నించే కోరుకున్నారు, కాకపోతే వేరే అరలో పెట్టి. మన ఊళ్ళలో నేల తరగతిలో ఆడవాళ్ళకి వేరే బెంచీలు, వేరే టికెట్ కిటికీ ఉండటం మనలో చాలామందికి గుర్తే. ఆ కిటికీ దగ్గర క్యూ చిన్నది కాబట్టి ముక్కూమొహం తెలియని మగవాళ్ళు సైతం "అమ్మా, రెండు టికెట్లు తీసిపెట్టండి" అని డబ్బులు చేతిలో పెట్టేవాళ్ళు.

'మొఘల్-ఎ-ఆజమ్' విడుదల గురించి సినిమా చరిత్రలు ఎంతో ఇష్టంగా చెప్తాయి. 1960 ఆగస్టు 5న మరాఠా మందిర్‌లో ప్రీమియర్. సినిమా రీళ్ళని అలంకరించిన ఏనుగు మీద తెచ్చారు. హాలు ముందు అక్బరు వేషంలో పృథ్వీరాజ్ కపూర్ నిలువెత్తు బొమ్మ పెట్టారు. టికెట్ల కోసం జనం రోజుల తరబడి క్యూలో నిలబడి, ఇంటినుంచి తెచ్చిన అన్నం తిని, అక్కడే పడుకున్నారు. ఈ చివరి వాక్యాన్ని ఎన్నోచోట్ల చదివాను. ప్రతిసారీ ఒకటే ప్రశ్న వస్తుంది. ఆ అన్నం వండిందెవరు? రోడ్డు మీద రాత్రంతా పడుకోగలిగింది మగవాళ్ళు. ఆ క్యూ నిలబడటానికి గిన్నెకట్టి పంపిన ఆడవాళ్ళ శ్రమ కూడా ఆ రికార్డులో భాగమే. దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఇంకో కథ కూడా ఈ హాలు గోడల వెనక ఉంది. 'సాధనా'కి ముందు చోప్రా 'నయా దౌర్' తీశాడు. అందులో కథానాయికగా మొదట తీసుకున్నది మధుబాలని. ఔట్‌డోర్ షూటింగ్‌కి భోపాల్ వైపు పంపడానికి ఆమె తండ్రి అతావుల్లా ఖాన్ ఒప్పుకోలేదు. చోప్రా ఆమె స్థానంలో వైజయంతిమాలని తీసుకున్నాడు. వ్యవహారం కోర్టుకెక్కింది. సినిమా 1957లో వచ్చింది. లక్షలమంది చూడటానికి ఎగబడే నటి, ఏ ఊళ్ళో పనిచెయ్యాలో తను నిర్ణయించుకోలేకపోయింది. మరాఠా మందిర్ తొలి రెండేళ్ళలో తెరని ఏలిన ఇద్దరు స్త్రీల మధ్య ఒక తండ్రి 'వద్దు' ఉంది. గుండెజబ్బుతోనే, బరువైన ఇనప సంకెళ్ళు వేసుకుని అనార్కలిగా నటించిన మధుబాల 1969లో ముప్ఫయ్యారేళ్ళకే చనిపోయింది.

పెద్దమ్మ ఆ సినిమాని విడుదలైన చాలా నెలలకి చూసింది. ఎలా వెళ్ళావని అడిగితే సినిమా కథ కంటే ఆ కథే ఎక్కువసేపు చెప్పింది. ముందు అత్త ఒప్పుకోవాలి. అత్త ఒప్పుకోవాలంటే గల్లీలో ఒక ముసలామె తోడు రావాలి. ఆమెకి టికెట్ వీళ్ళే పెట్టుకోవాలి. "ఇంట్ల అందరు తిన్నంక, గిన్నెలు తోమినంక ఉరుకుడే. మొదలు ఎన్నడన్న చూసిన్నా? సగం సైన్మాలు నడుమకెల్లే చూసిన" అని నవ్వేది.

ఆ రోజు ముందు వరుసలో పక్క గల్లీ ఆడవాళ్ళు, వాళ్ళ ఘర్‌వాలీతో కలిసి కూర్చున్నారట. వీళ్ళు మొహాలు తిప్పుకున్నారు. అనార్కలి చుట్టూ గోడ కడుతుంటే హాలంతా ఏడుపు. పెద్దమ్మ చంకలోని పిల్లాడు అదిరి గుక్కపట్టాడు. ముందు వరుసలోంచి ఒకామె వెనక్కి తిరిగి, మాట్లాడకుండా తన దగ్గరున్న నీళ్ళ సీసా అందించింది. పెద్దమ్మ తీసుకుంది, పిల్లాడికి తాగించింది.

"మర్నాడు కనపడితే మాట్లాడినవా?" అని అడిగాను.

"ఎట్ల మాట్లాడుత బిడ్డా? చూసినోళ్ళు ఏమనుకుంటరు?"

ఈ జవాబుని మెత్తబరచి చెప్పడం నాకిష్టం లేదు. సినిమా హాలు చీకటి అందర్నీ సమానం చేసిందని రాస్తే వినడానికి బావుంటుంది. పెద్దమ్మకి ఆమె పేరు చివరిదాకా తెలియదు. 'సంసార స్త్రీ', 'బజారు స్త్రీ' అని పితృస్వామ్యం గీసిన గీత దీపాలు వెలగ్గానే మళ్ళీ కనిపించింది. కానీ ఆ నీళ్ళు తీసుకోవడం జరిగింది. గల్లీలో జరగనిది హాల్లో జరిగింది. నలభై ఏళ్ళ తర్వాత కూడా పెద్దమ్మకి ఆ సినిమాలో అన్నిటికంటే బాగా గుర్తున్నది అదే. మనం సినిమాల గురించి రాసే విమర్శలో దీనికి చోటు కల్పించుకోవాలి.

'దిల్‌వాలే' కొంతకాలానికి మరాఠా మందిర్‌లో పదకొండున్నర ఆటగా స్థిరపడిపోయింది. 1998లో పెద్దమ్మతో కలిసి వెళ్ళాను. పదకొండున్నర అంటే ఏ వేళ? మగవాళ్ళు పనికీ పిల్లలు బడికీ వెళ్ళిపోయాక, వాళ్ళు తిరిగొచ్చేలోగా. ఇంటిపని ఒక విడత ముగిసి ఇంకో విడత మొదలవడానికి మధ్య ఖాళీ అది. అయినా ఆ రోజు హాల్లో మగవాళ్ళే ఎక్కువ. రైలుకో బస్సుకో ఇంకా టైమున్న ప్రయాణీకులు, పని దొరకని వలస కుర్రాళ్ళు. బాల్కనీలో కాలేజీ జంటలు. ఒక గదిలో ఎనిమిదిమంది బతికే నగరంలో వాళ్ళకి కలిసి కూర్చునే చోటు అదొక్కటే. అక్కడక్కడ పెద్దమ్మ వయసు ఆడవాళ్ళు, కొంగులో పల్లీలు కట్టుకుని.

ఆ సినిమా ప్రేమకథగా పేరుపడింది. నాకు అందులో అందరికంటే దగ్గరైన మనిషి సిమ్రన్ తల్లి లజ్జో. ఆడా మగా ఒకటేనని చిన్నప్పుడు విన్న మాట నమ్మి, పెద్దయ్యేకొద్దీ చదువునీ ఇష్టాలనీ ఒక్కొక్కటిగా వదులుకున్న కథ ఆమె కూతురికి చెప్తుంది. తన కూతురికి అలా జరగనివ్వనని అనుకున్నదీ చెప్తుంది. ఆపైన, నువ్వూ వదులుకోమనే అడుగుతుంది. తర్వాత తనే నగలు తెచ్చి ఇద్దర్నీ పారిపొమ్మంటుంది. అబ్బాయి ఒప్పుకోడు, తండ్రి చేతులమీదుగానే కావాలంటాడు. చివరికి రైలు కదులుతుంటే తండ్రి కూతురి చెయ్యి వదులుతాడు. అంతా చప్పట్లు.

అనార్కలిని గోడలోంచి రహస్యంగా వదిలిపెట్టేది అక్బరు. సిమ్రన్ చెయ్యి వదిలేది తండ్రి. మధుబాల తండ్రి వదల్లేదు. మూడు తరాలపాటు ఈ తెర మీదా తెర వెనకా స్త్రీ కదలాలంటే ఒక మగవాడు సరేననాలి. తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదు. పెద్దమ్మ చప్పట్లు కొట్టలేదు. "తల్లి పొమ్మన్నప్పుడే పోవాల్సుండె" అంది. ఏ విమర్శా చదవని మనిషి ఒక్క వాక్యంలో ఆ సినిమా అసలు ముడి విప్పింది.

1009 వారాలయ్యాక 2015 ఫిబ్రవరిలో ఆట ఆపేస్తున్నామన్నారు. జనం ఒప్పుకోకపోవడంతో మళ్ళీ మొదలుపెట్టారు. కరోనాకి 2020లో మూసి, మళ్ళీ తెరిచారు. ఈ పట్టుదలకి కారణం పాతకాలం మీద మోజు మాత్రమే కాదు. 2015 నాటికి కూడా ఈ ఆటకి టికెట్ ఇరవై రూపాయల్లోపే. ఈ కాలంలో బీడీలు చుట్టే మనిషి, ఇళ్ళల్లో పాచిపని చేసే మనిషి, ఎవర్నీ అడగకుండా తన డబ్బుతో మూడుగంటలు కూర్చోగలిగే చోట్లు ఎన్ని? మల్టీప్లెక్సులో ఆడవాళ్ళకి భద్రత ఎక్కువంటారు. నిజమే కావొచ్చు. కానీ ఆ భద్రతకి టికెట్ ఉంది, మాల్ గేటు దగ్గర ఎగాదిగా చూసే చూపుంది. పాత పెద్ద హాళ్ళు మనకి గౌరవంగా తలుపులు తెరిచాయని నేను చెప్పను. ఆ దొడ్లూ, ఆ తోపులాటలూ, చీకట్లో మీదకొచ్చే చేతులూ మనలో ఎవరం మర్చిపోలేదు. అయినా నేల టికెట్టు ఉన్నంతకాలం పేద స్త్రీకి అక్కడ ఒక సీటుండేది. హాలు పోయినప్పుడు ముందు పోయేది ఆ సీటే.

కామాఠీపురాని కూల్చి కొత్తగా కట్టే ప్రణాళికలు నడుస్తున్నాయి. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె తరం తెలుగు ఆడవాళ్ళు ఆ గల్లీల్లో ఇంకా కొందరున్నారు. వాళ్ళని ఎవరైనా అడగాలి, ఏ సినిమా చూశారని కాదు, ఎట్లా వెళ్ళారని. విజయవాడలో, వరంగల్లులో, కర్నూల్లో మూతబడ్డ ప్రతి హాలు గురించీ మన ఇళ్ళల్లోని ఆడవాళ్ళని ఇదే అడగొచ్చు. ఎవరి తోడుతో వెళ్ళారు, ఏ పని ఎగ్గొట్టి వెళ్ళారు, పక్కన ఎవరు కూర్చున్నారు. నీళ్ళ సీసా ఇచ్చినామె వైపు నుంచి ఈ కథ చెప్పగలిగేవాళ్ళు కూడా ఉండే ఉంటారు. వాళ్ళని అడిగినవాళ్ళు మాత్రం ఇంకా తక్కువ.