లాకు, లాకప్పు: గోదావరి డెల్టాలో ఒక ఆంగ్ల పదబంధ క్రియ

ఆంగ్లంలో క్రియకు 'అప్', 'అవుట్', 'డౌన్' వంటి చిన్న అవ్యయం చేరి కొత్త అర్థం ఏర్పడడం సాధారణం. 'లాక్' అంటే తాళం వేయడం. 'లాక్ అప్' అంటే ఇంటి తలుపులన్నీ మూసి తాళాలు వేయడం, మనిషిని నిర్బంధించడం, సొమ్మును వెంటనే తీసుకోవడానికి వీలులేని చోట పెట్టడం కూడా. ఇక్కడ 'అప్' అంటే 'పైకి' కాదు. పని పూర్తిగా ముగిసిందని అది తెలుపుతుంది. తెలుగులో ఈ బాధ్యతను 'వేయు' అనే అనుప్రయోగం వహిస్తుంది: మూసివేయు, కట్టివేయు. వేసవిలో డెల్టా రైతులు 'కాలువలు కట్టేశారు' అన్నప్పుడు ఆ మాటలోని నిశ్చయమంతా 'వేయు'లోనే ఉంది.

'లాక్' డెల్టాలో మరొక రూపంలో స్థిరపడింది. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో పూర్తయింది. (బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయినదీ 1852లోనే.) ఆర్థర్ కాటన్ కాలువలను సాగుకే కాక పడవల రాకపోకలకూ ఉద్దేశించాడు. కాలువ మట్టం మారే చోట రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని నింపో తగ్గించో దానిని ఎగువకో దిగువకో చేర్చే కట్టడమే 'లాక్'. 'తాళం' అనే మాట సిద్ధంగానే ఉన్నా జనం దానిని ఈ కట్టడానికి వాడలేదు, 'లాకు' అన్నారు. అదీ ఎక్కువగా బహువచనంలో: ఆత్రేయపురం ప్రాంతంలోని లొల్ల లాకులు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తలుపులు జతలుగా ఉండడమే ఈ బహువచనానికి కారణమని నా అభిప్రాయం. రైలు, రోడ్డు మార్గాలు పెరిగి పడవ ప్రయాణం సన్నగిల్లినా మాట స్థలనామంగా నిలిచింది. 'లాకుల దగ్గర దిగాలి' అనే ప్రయాణికుడికి ఆంగ్ల క్రియ తలపుకే రాదు.

'లాక్ అప్' మాత్రం క్రియగా రాలేదు. తెలుగు ఇటువంటి క్రియలను చాలావరకు నామరూపంలోనే అరువు తెచ్చుకొని, క్రియాపదాన్ని తానే సమకూర్చుకుంటుంది: మేకప్పు వేసుకొను, చెకప్పు చేయించు, లాకప్పులో పెట్టు. చివర పకారం ద్విత్వమై ఉకారం చేరడంతో 'లాకప్పు' మన 'చెప్పు', 'నిప్పు'ల వరుసలో కలిసిపోయింది. ఆంగ్లంలోని మూడు అర్థాలలో ఒక్కటే, అదీ స్థలవాచిగా మిగిలింది.

కొందరు అనువాదకులు దీనిని 'కారాగారం'గా మారుస్తారు. భాషాభిమానం మెచ్చదగినదే కాని, ఇక్కడ అర్థం దెబ్బతింటున్నది. లాకప్పు పోలీసు స్టేషనులోని గది. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టయిన వ్యక్తిని, ప్రయాణ సమయం మినహా, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం వంటిది న్యాయస్థానం ఉత్తర్వుతో చేరే చోటు. దాని శాఖ వేరు. 'లాకప్పు మరణం' అన్నదానిని 'కారాగార మరణం' అని రాస్తే జవాబు చెప్పవలసినవారే మారిపోతారు. క్రియారూపం కావలసినచోట 'చెరపట్టు' కూడా పనికిరాదు, అందులో అపహరణ ధ్వని ఉంది. 'లాకప్పులో వేశారు' అనే వాడుకే తగినది.