ఇరుసు కిర్రు, బెల్టు కీచు

ధ్వన్యనుకరణ పదాలకు మన భాషలో కొదవ లేదు. ఎండిన ఇరుసు కిర్రుమంటుంది. వదులైన బెల్టు కీచుమంటుంది. రెండూ రాపిడి పుట్టించిన ధ్వనులే. కానీ ఒకదానికి మందైనది రెండవదానికి విషమవుతుంది. ఆ భేదమెట్లా ఏర్పడిందో చూద్దాం.

బందరు, గుడివాడ, దివిసీమల్లో ధాన్యం మోసిన ఎడ్లబండ్లకు ఆముదమే ఆధారం. అందులో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన చేసి ఇరుసుకు పూసేవారు. కిర్రుమంటే కందెన వేయడమే తరతరాల సూత్రం. మోటారు యుగంలోనూ ఆముదం తన స్థానం వదలలేదు. బందరుకు రైలు వచ్చింది 1908లో. ఆ మరుసటి ఏడు, 1909లో, ఇంగ్లండులోని వేక్‌ఫీల్డ్ సంస్థ ఆముదం కలిపిన ఇంజను నూనెను తయారుచేసి, ఆముదపు ఆంగ్లనామం నుండే దానికి కాస్ట్రాల్ అని పేరు పెట్టింది.

1917లో అమెరికాలో జాన్ గేట్స్ రబ్బరుతో వి-ఆకారపు బెల్టును రూపొందించాడు. ఇంజను తిరుగుడును ఫ్యానుకూ, నీటి పంపుకూ, డైనమోకూ అందించే పని దానికి దక్కింది. ఇక్కడే పాత సూత్రం తలకిందులయింది. ఇరుసు జారాలి, బెల్టు పట్టాలి. పట్టు తప్పిన బెల్టు కప్పీ మీద క్షణానికి అనేకసార్లు అతుక్కుంటూ, జారుతూ కంపిస్తుంది. ద్వారం వేంకటస్వామినాయుడుగారి కమాను తీగ మీద నాదం పలికించినదీ ఈ సూత్రంతోనే. అక్కడ అది సంగీతం, ఇక్కడ ఆర్తనాదం.

ఆ బెల్టుకు నూనె పూస్తే ఉన్న పట్టు కూడా పోతుంది, రబ్బరు చెడుతుంది. కనుక ముందు ధ్వని జన్మస్థానం తెలియాలి. ఇంజను తిరుగుతుండగా, చేయి దూరంగా ఉంచి, బెల్టు మీద కొద్దిగా నీళ్లు చిలకరించాలి. కీచు హెచ్చితే బెల్టు వదులైందని అర్థం. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే కప్పీలు ఒక వరుసలో లేవన్నమాట. నీటితో ఏ మార్పూ లేకుంటే బేరింగును అనుమానించాలి. ఇంజను ఆపి, బెల్టు తీసి, కప్పీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పితే గరగరలాడేదే దోషి.

మంగినపూడి వంటి తీరంలో ఉప్పుగాలికి కప్పీలు త్వరగా తుప్పు పడతాయి. రాత్రి నిలిపిన వాహనం తెల్లవారి తీయగానే కీచుమని, వేడెక్కాక మౌనం వహిస్తుంది. ఆ మౌనాన్ని నమ్మరాదు. కార్తిక పౌర్ణమి సముద్రస్నానానికి కుటుంబంతో బయలుదేరిన దారిలో బెల్టు తెగితే, నీటి పంపు ఆగి ఇంజను కాగిపోతుంది. కిర్రుమన్న బండివాడు చెవి యొగ్గినట్లే మనమూ చెవి యొగ్గాలి. అయితే చేయి కందెన వైపు కాక బెల్టు బిగింపు వైపు పోవాలి.

కందెనకూ, బండి కింద వేలాడిన కందెన గొట్టానికీ మీ ప్రాంతాల్లో వేరే పేర్లుంటే దయచేసి తెలుపగలరు. బండ్లతోపాటు ఆ మాటలూ కనుమరుగవుతున్నాయి.