బరంపురం ఆటకు అచ్చు కావాలి

ప్రత్యేక సంచిక అనగానే మనకొక నమూనా ఉంది. ముందు పేజీల్లో మంత్రిగారి సందేశం, కలెక్టరుగారి సందేశం, ఎమ్మెల్యేగారి సందేశం. వెనక సగమంతా పట్టుచీరల దుకాణాల ప్రకటనలు, శుభాకాంక్షలతో. నడుమ కార్యవర్గం ఫొటో. కుర్చీల్లో కూర్చున్నవారి పేర్లు వరసగా వేస్తారు, వెనక నిలబడ్డవారి పేర్లు ఒక్కోసారి వెయ్యరు. అసలు సంస్థ చరిత్రకు దక్కేది ఒకటిన్నర పేజీ. ఆటల సంస్థలకైతే ఆ ఒకటిన్నర పేజీ దక్కడం కూడా గొప్పే.

అచ్చు గంజాం జిల్లాకు తెలియని విద్యేమీ కాదు. శశిభూషణ్ రథ్ 1913లో బరంపురం నుంచి ‘ఆశ’ వారపత్రిక మొదలుపెట్టారు. 1928లో అది దినపత్రిక అయింది. ఒడియాలో మొట్టమొదటి దినపత్రిక కటకంలో కాక మన ఊళ్ళో పుట్టిందన్న సంగతి ఇప్పటి పిల్లల్లో చాలామందికి తెలియదు. అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పర్లాకిమిడిలో 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. అది ఎక్కువకాలం సాగలేదు. అయినా వాడుక భాష మీద ఆయన చేసిన వాదం అచ్చులో ఉంది కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా మనం దాన్ని తిరగేసి చూడగలుగుతున్నాం. 1936 ఏప్రిల్ 1న గంజాం మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాకు మారింది, పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. మనిషి వెళ్ళినా పత్రిక మిగిలింది.

ఆ రోజుల్లోనే బరంపురం వీధుల్లో మరో పని జరుగుతూ ఉండేది. మనవాళ్ళు తాలింఖానా అన్నా, ఒడియా వాళ్ళు ఆఖడా అన్నా ఒకటే చోటు. గోడకు ఆంజనేయస్వామి పటం, మూలన గదలు, సంగిడీలు, పొద్దున్నే దండీలు, బస్కీలు తీసే కుర్రాళ్ళు. అక్కడ ఎవరు ఎవరికి నేర్పారో, ఎంత బరువెత్తారో, ఏ పండక్కి ఎవరు సాము చేశారో కాగితం మీదికి ఎక్కింది బహు తక్కువ. చెప్పగలిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

కోడి రామ్మూర్తి నాయుడుగారి సంగతి చూడండి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టుకుని దేశమంతా తిరిగారు. ఛాతీకి కట్టిన గొలుసులు తెంచడం, గుండె మీద ఏనుగును ఎక్కించుకోవడం చూసినవాళ్ళు కలియుగ భీముడన్నారు. 1942లో మన రాష్ట్రంలోని బలంగీర్‌లోనే కన్నుమూశారు. అంతటి బలశాలి మరొకరు మన వీధుల్లో లేరని నేను అనను. కానీ సర్కస్‌కు టిక్కెట్టుంటుంది, కరపత్రముంటుంది, గోడపత్రముంటుంది, పేపర్లో వార్త ఉంటుంది. తాలింఖానాకు అవేవీ లేవు. రామ్మూర్తిగారి పేరు ఈనాటికీ నిలవడంలో కండబలానికి ఎంత వాటా ఉందో కాగితానికీ ఇంచుమించు అంతే ఉందని నా అభిప్రాయం.

కాగితానికి ఎంత శక్తి ఉందో తెలియాలంటే మనకు బొత్తిగా సంబంధం లేని ఒక ఆట దగ్గరికి వెళ్ళాలి. ఐస్ హాకీ గోపాల్‌పూర్ ఉక్కపోతలో ఊహకు కూడా అందదు. కెనడాలోని టొరొంటోలో కాన్ స్మైత్ అనే ఆయన 1927లో ఓ జట్టును కొనుగోలు చేయించి దానికి మేపుల్ లీఫ్స్ అని పేరు పెట్టాడు. ఉన్న ఆటస్థలం ఇరుకు. కొత్తది కడదామంటే అప్పటికే ఆర్థికమాంద్యం వచ్చిపడింది. ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంక్ సెల్కే మ్యాచ్‌ల దగ్గర అమ్మే ప్రోగ్రాం పుస్తకాన్ని చూసుకునేవాడు. కట్టబోయే భవనం సంగతులతో ఓ ప్రత్యేక ప్రోగ్రాం వేశారు. వెల పది సెంట్లు. రేడియోలో ఆట చెప్పే ఫాస్టర్ హ్యూయిట్ ప్రసారం నడుమ ఆ పుస్తకం మాట ఎత్తాడు. ఇక దేశం నలుమూలల నుంచీ వేల కొద్దీ ఉత్తరాలు! డబ్బున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఈ జట్టు జనానికి కావాలి అని చెప్పడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? చివర్లో డబ్బు చాలకపోతే సెల్కే కార్మిక సంఘాలతో మాట్లాడి, కూలిలో ఐదో వంతు వాటాల రూపంలో తీసుకునేలా ఒప్పించాడు. ఆరు నెలలు తిరగకుండా మేపుల్ లీఫ్ గార్డెన్స్ లేచి నిలబడింది. 1931 నవంబరు 12న తలుపులు తెరిచారు. ఆ రాత్రి చికాగో చేతిలో 2–1తో ఓడిపోయారనుకోండి, అది వేరే సంగతి. ఆ సీజన్‌లోనే స్టాన్లీ కప్ గెలిచారు.

1999లో జట్టు వేరే చోటికి మారింది. ఇప్పుడా పాత భవనం కింది అంతస్తులో సరుకుల దుకాణం నడుస్తోంది. పూర్వం మంచు మైదానానికి నడిబొడ్డు ఎక్కడుండేదో తెలిసేలా, సామాన్ల వరసల మధ్య నేల మీద ఓ ఎర్ర చుక్క పెట్టారు. అక్కడ నిలబడ్డవాడికి ఆ చుక్క అర్థం కావాలంటే ఎవరో ఒకరు ఆ కథ రాసిపెట్టి ఉండాలి. రాసిపెట్టారు. ప్రతి మ్యాచ్‌కు ప్రోగ్రాం, విలేకరుల కోసం ఏటా ఆటగాళ్ళ వివరాల పుస్తకం, అభిమానులకు వార్షిక సంచిక వేయడం అక్కడి వృత్తి జట్లకు చాలాకాలం మామూలు పనిగా ఉండేది.

మన కళింగ లాన్సర్స్ హాకీ జట్టు 2017లో చండీగఢ్‌లో దబంగ్ ముంబయిని 4–1తో ఓడించి హాకీ ఇండియా లీగ్ గెలిచింది. ఆ మరుసటి ఏడాది నుంచి లీగే లేదు. మళ్ళీ మొదలైంది 2024 డిసెంబరులో. ఏడేళ్ళ పాటు ఆడటానికి లీగే లేని విజేతలు! ఆ ఏడేళ్ళలో జట్టును గుర్తుచేయడానికి బరంపురంలో ఏ ఇంట్లోనైనా చేతికందే పుస్తకం ఒకటుందా?

అంత దూరం ఎందుకు, కాటులు రవికుమార్ మన బరంపురం కుర్రాడు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు ఎత్తి బంగారు పతకం తెచ్చాడు. 2012లో లండన్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి పతకం. అర్జున అవార్డు కూడా వచ్చింది. ఈ అంకెలు ఎవరైనా వెతికి తీయగలరు, ఎక్కడెక్కడో నమోదై ఉన్నాయి. ఎక్కడా నమోదు కానిది వేరే ఉంది: ఇలాంటి కుర్రాడి చేత మొదటిసారి కడ్డీ పట్టించిన వీధి వ్యాయామశాల కథ. దాన్ని ఎవరు పెట్టారు, చందాలు ఎలా వసూలయ్యాయి, ఇనుప పళ్ళేలు ఎక్కడి నుంచి తెచ్చారు, ఎన్నాళ్ళు మూతపడింది, మళ్ళీ ఎవరు తెరిచారు. పతకం గెలిచిన రోజున విలేకరులు ఇవి అడగరు. అడగవలసింది మనం.

రెండేళ్ళకోసారి బుడి ఠాకురాణీ యాత్రకు దేరా వీధి ఎలా సిద్ధమవుతుందో మనకు తెలుసు. రాజమండ్రి వైపు నుంచి మగ్గాలతో వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఏ పని ఎవరిదో తరతరాలుగా మరచిపోలేదు. ఆ జ్ఞాపకశక్తిలో పదో వంతు తాలింఖానాల మీద పెడితే చాలు, ఓ మంచి పుస్తకం అవుతుంది. తెలుగులో ఓ సగం, ఒడియాలో ఓ సగం వేసినా నష్టం లేదు. ఆడినవాళ్ళు కలిసే ఆడారు.

అందుకే పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పాత పోటీల సర్టిఫికెట్టు ఉన్నా, చందా రసీదు ఉన్నా, కుర్రాళ్ళు వరసగా నిలబడ్డ ఫొటో ఉన్నా పారేయకండి. ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు రాయండి, నిలబడ్డవారివి కూడా. ఏ ఏడో తెలిస్తే అదీ వేయండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను ఈ వారమే అడగండి. తెచ్చి ఈ సంచిక సంపాదకులకు చూపించండి, నకలు తీసుకుని అసలు మీకే తిరిగిస్తారు. వచ్చే సంచికలో సందేశాలకు రెండు పేజీలు తగ్గించి ఆటలకు ఇవ్వమని కార్యవర్గాన్ని ఇక్కడే, అచ్చులోనే అడుగుతున్నాను.