రోస్టరులో పేరు ఎవరు చూడాలి?

మద్రాసు ప్రెసిడెన్సీలో 1927 నాటి కమ్యూనల్ జీవో ప్రతి 12 కొలువుల్ని ఇట్లా పంచింది: బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి 2, అణగారిన కులాలకు 1. ఆ ఒక్కటి మనకు దక్కాలన్నా సర్కారు కులం అడిగి రాసుకోవాల్సిందే. 1951లో వెంకటరమణ కేసులో సుప్రీంకోర్టు ఇట్లాంటి పంపకాన్ని కొట్టేసింది గానీ, హరిజనులకూ వెనకబడిన హిందువులకూ కేటాయింపు 16(4) అధికరణం కింద చెల్లుతుందన్నది. కాబట్టి కులం రాసుకోవడం ఆగలేదు.

1995లో సభర్వాల్ తీర్పు రోస్టరును ఖాళీల మీద కాక పోస్టుల మీద నడపమన్నది. అంటే ఏ పోస్టులో ఏ వర్గం మనిషి ఉన్నాడో పేరుతో సహా రాయాలి. చిక్కంతా ఇక్కడే. ఆ పేరు రిజిష్టరు తనిఖీ చేసే లైజన్ ఆఫీసరు దాకా ఆగితే లెక్కగానే ఉంటుంది. సీటు దగ్గరికి, క్యాంటీన్ బల్ల దగ్గరికి వచ్చిందా, "కోటావాడు" అవుతుంది. పేరు చివర కులాన్ని దర్జాగా తగిలించుకునేవాళ్లకు ఈ బాధ తెలవదు.

అట్లాగని గోప్యత పేరుతో రోస్టరునే దాచేస్తే లాభం ఎవరికి? 2005 సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారాన్ని మినహాయించిన 8(1)(జె) క్లాజులోనే, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలనే మాట కూడా ఉండేది. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఆ మాట తీసేసింది. ఇది ఉద్యోగి కన్నా ఖాళీనే ఎక్కువ కాపాడుతుందని నా అనుమానం. 8(2) కింద ప్రజాప్రయోజనం వాదన మిగిలే ఉంది. పేర్లు మూసి మిగతాది ఇమ్మని అడగడానికి 10వ సెక్షనుంది. పాయింటు నెంబరు, వర్గం, నింపిన తేదీ, బ్యాక్‌లాగ్ అడగొచ్చు. ఐదుగురే పనిచేసే ఆఫీసులో మాత్రం వర్గం చెప్తే మనిషి తెలిసిపోతాడు. అక్కడ జిల్లా మొత్తం లెక్క అడగాలి.