అచ్చు లోపమా, అరుగుదలా?

“దేంతోని తోమినవ్ బిడ్డా?”

నాణెం చేతిలోకి తీసుకోకముందే లెక్కల సారు అడిగిన మొదటి మాట అది.

శంషాబాద్ బజారు వెనక గల్లీలో ఆయన ఇంటి ముందరి గది. టేబుల్ మీద నల్లగుడ్డ, భూతద్దం, మెడ వంచిన దీపం. ఇంటి మీదుగా విమానం దిగుతోంది. కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మోత తగ్గేదాకా ఆగి, “చింతపండుతోని సార్” అన్నాను. మెరవాలని రాత్రి నానబెట్టి మరీ తోమాను.

సారు తిట్టలేదు. నాణేన్ని రెండు వేళ్లతో అంచులు పట్టి ఎత్తి, దీపం కింద మెల్లగా అటూ ఇటూ వాల్చాడు. “టంకశాల మెరుపైతే నాణెం తిప్పుతుంటే ఎంబడి తిరుగుతది, బండి చక్రం లెక్క. నీది స్టీలు గ్లాసు లెక్క అంతట ఒక్క తీరుగున్నది. పోయిన మెరుపు ఇగ రాదు.”

మా నాయనమ్మ మెడలోని హాలి సిక్కా అది, నిజాం కాలపు రూపాయి. భూతద్దం నాకిచ్చాడు. చార్మినార్ కమాను లోపల చిన్న ఉర్దూ అక్షరం: ఐన్. ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటిది. ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ రూపాయిల్లో అదే చోట మీమ్ ఉంటుంది. 1911లో ఉస్మాన్ గద్దెనెక్కిన కొత్తలో సగం ఐన్ వేశారు, తర్వాత నిండుది. నాది నిండు ఐన్. 1903లో సైఫాబాద్‌కు మారిన టంకశాలలో మిషన్ మీద కొట్టింది. అప్పుడు దాని తూకం 11.18 గ్రాములు, అందులో వెండి నూటికి 82 పాళ్లు.

“మినార్ల కొసలు సూడు.”

రెండు కొసలు మసకగా ఉన్నాయి. “అరిగినయ్ సార్.”

“అరిగితే నున్నగుంటది. ఇంకోసారి సూడు.”

చూశాను. ఆ మసక చోట సన్నటి గరుకు, ఇసుక రాలినట్టు. అచ్చు దిగినప్పుడు వెండి దాని లోతుల్లోకి పూర్తిగా ఎక్కలేదట. బిళ్ల మీద ముందునుంచీ ఉన్న గరుకే అట్లా మిగిలిపోయింది. పుట్టుకతో వచ్చిన లోటు. “మెరుపుంటే దాంతోనే చెప్పేటోన్ని. నువ్వు దాన్ని కడిగేసినవ్. ఇప్పుడు గరుకొక్కటే సాక్ష్యం.”

నాణెం తిప్పాడు. ఇటువైపు గరుకు లేదు. అక్షరాల అంచులు కరిగి నేలలో కలిసిపోయాయి, సబ్బుబిళ్ల మీది పేరులాగా. ఇది అరుగుదలే.

“ఒక్క నాణేనికి రెండు మొఖాలల్ల ఇంత తేడా ఎందుకొచ్చింది?” పాఠం చెప్పేటప్పుడు అడిగినట్టే అడిగాడు. నేను తెల్లమొహం వేశాను. నాణెం పైఅంచున వేలుగోరంత మచ్చ చూపించాడు. టంకం. “మినార్లు నిలువుగ కనవడేటట్టు కొండి అతికిచ్చిన్రు. అంటే చార్మినార్ బయటికి. ఈ రాతల దిక్కు మీ నాయినమ్మ రొమ్ముకు రాసుకుంట ఉన్నది. ఎన్నేండ్లు ఏసుకున్నది?”

“పెండ్లయినప్పటి సంది.”

ఆయన చిన్న కాగితం కవరు మీద రాసుకుంటున్నాడు: చార్మినార్ వైపు వీఎఫ్ (వెరీ ఫైన్), మినార్ల దగ్గర అచ్చు పలచన. వెనక ఒక మెట్టు కింద, ఎఫ్ (ఫైన్). తోమినది. టంకం మచ్చ. ఒకటి నుంచి డెబ్బై దాకా అంకెలేసే పెద్ద గ్రేడింగ్ కంపెనీలు ఇట్లాంటి నాణేనికి అంకె ఇవ్వవట. ఎంత వివరం మిగిలిందో చెప్పి, పక్కన తప్పులు రాసి పంపుతాయట.

ఎంత పలుకుతుందని అడుగుదామనే వచ్చాను. అడగబుద్ధి కాలేదు. ఆ నున్నటి వైపును తడిమి చూద్దామని బొటనవేలు చాచాను.

“అంచులు వట్టుకో బిడ్డా” అన్నాడు సారు.